గౌరవ ఫలకము ఎవరి కొరకు?

ధ్యాన భాగములు: యెహోషువ 4:1–9, నెహెమ్యా 3వ అధ్యాయము, మార్కు 2:1–12



మన తెలుగు సంఘములలో అనేకములు నూరేండ్లు దాటినవి. జూబిలీ జరుపుకొన్నప్పుడును, క్రొత్త ఆలయము ప్రతిష్ఠించుకొన్నప్పుడును ఒక మాట తప్పక లేచును: మన కొరకు కష్టపడిన పెద్దల పేర్లు ఎక్కడనైనను వ్రాసి నిలుపవలెను. పూర్వము నాపరాతిమీద చెక్కించెడివారు. పిమ్మట పాలరాతి పలకలు వచ్చినవి. ఇప్పుడు కొన్ని పాఠశాలలలోను, పెద్ద సంఘములలోను గోడకు అద్దపు తెర అమర్చుచున్నారు. సెల్‌ఫోనును వ్రేలితో తాకినట్లు దానిని తాకినయెడల ఒక్కొక్కరి పేరు, ఫోటో, వారు చేసిన సేవ కనబడును. దీనిని టచ్ స్క్రీను బోర్డు అందురు. రాతి పలకమీద ఇరువది పేర్లు చెక్కుటకే చోటు చాలదు. ఈ తెరలో వేయి పేర్లు పెట్టినను ఇంకను చోటుండును.

పట్టణములలో స్థిరపడిన మన బిడ్డలు ఇట్టి బోర్డును తమ గ్రామ సంఘమునకు కానుకగా ఇయ్యదలచినయెడల మనము సంతోషింపవలసినదే. అయితే గోడకు మేకు కొట్టకమునుపు ఒక ప్రశ్న వేసికొందము. ఈ ఫలకము ఎవరి కొరకు? ఎవరి పేరు దానిమీద నున్నదో వారి కొరకా? దాని యెదుట నిలుచువారి కొరకా? ఈ ప్రశ్నకు మనమిచ్చు జవాబునుబట్టియే తక్కిన సంగతులన్నియు తేలును.

మనుష్యుని గౌరవించుట తగునా?

కొందరు భక్తిపరులు మొదటనే అభ్యంతరము చెప్పుదురు. మహిమ దేవునికే చెందినది గదా, దేవుని మందిరములో మనుష్యుల పేర్లు ఎందుకు అందురు. ఈ అభ్యంతరము తేలికైనది కాదు. బాబెలు గోపురము కట్టినవారు తమకు పేరు సంపాదించుకొనగోరిరి (ఆదికాండము 11). అబ్షాలోము తాను బ్రదికియుండగనే రాజు లోయలో తన పేరట స్తంభము నిలువబెట్టుకొనెను (2 సమూయేలు 18:18). ధర్మము చేయునప్పుడు బూర ఊదించుకొనవద్దని మన ప్రభువు కొండమీద బోధించెను (మత్తయి 6). ఫ్యాను రెక్కమీద గాలికంటె దాత పేరే ఎక్కువగా తిరుగుచున్న చోట్ల ఈ బోధ మరల మరల చదువవలసియున్నది.

అయినను అదే పరిశుద్ధ గ్రంథములో నెహెమ్యా 3వ అధ్యాయమున్నది. యెరూషలేము గోడను ఎవరెవరు ఎంతెంత మేర బాగుచేసిరో అందులో వరుసగా వ్రాయబడెను. యాజకులున్నారు, కంసాలులున్నారు, సుగంధద్రవ్యములు చేయువారున్నారు, వర్తకులున్నారు. షల్లూము అను అధిపతితో కూడ అతని కుమార్తెలును పనిచేసిరని వ్రాయబడెను. ఒక ప్రదేశమునకు అధిపతియైనవాడు పెంటగుమ్మమును బాగుచేసెను. తెకోవీయులు పనిచేసిరి గాని వారి అధికారులు మెడ వంచలేదని కూడ దాచక వ్రాయబడెను. ఇంకొక సంగతి గమనింపుడు. ఈ పని యంతటికి నాయకుడు హకల్యా కుమారుడైన నెహెమ్యా. ఆ పట్టికలో అతని పేరు లేదు. అందులో కనబడు నెహెమ్యా అజ్బూకు కుమారుడైన వేరొకడు. నాయకుడైన నెహెమ్యా తన సంగతిని జ్ఞాపకముంచుకొనుమని దేవునినే వేడుకొనెను. గోడమీద పనిచేసిన ఇతరుల పేర్లు గ్రంథములో నిలిచినవి.

అబ్షాలోము స్తంభమునకును నెహెమ్యా పట్టికకును గల భేదము ఇదియే. మొదటిది తన పేరు తానే నిలుపుకొనుట. రెండవది ఇతరుల సేవను సాక్ష్యముగా చెప్పుట. మొదటిది గర్వము, రెండవది కృతజ్ఞత. ఎవరికి సన్మానము ఋణపడియున్నామో వారికి సన్మానము చెల్లింపవలెనని అపొస్తలుడు రోమీయులకు వ్రాసెను (రోమా 13:7). అనగా గౌరవము మనము దయతలచి వేయు భిక్ష కాదు. అది తీర్చవలసిన అప్పు. ఆ అప్పు సంఘములోని ఒకరిద్దరు పెద్దలది కాదు, సంఘమంతటిది. కాబట్టి సంఘమంతయు కలిసి తీర్చు మార్గము వెదకవలసియున్నది.

రాళ్లు ఎవరితో మాటలాడును?

ఇశ్రాయేలీయులు యొర్దాను దాటినప్పుడు గోత్రమునకు ఒకడు చొప్పున పండ్రెండుగురు నది నడుమనుండి పండ్రెండు రాళ్లు మోసికొని వచ్చిరి. ఆ రాళ్లెందుకు? మోసినవారి బలమును పొగడుటకు కాదు. ముందు దినములలో పిల్లలు ఇవి ఏమిటని అడిగినప్పుడు తండ్రులు దేవుడు చేసిన కార్యమును చెప్పుటకు. జ్ఞాపకచిహ్నము యొక్క పని అక్కడ రెండు భాగములుగా నున్నది: పిల్లవాడు అడుగును, పెద్దవాడు చెప్పును. అడుగుటకు వీలులేనిది, విని గ్రహించుటకు వీలులేనిది ఎంత ఖరీదైనను వట్టి రాయియే.

మన ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరకుచున్నది. ఫలకము పేరుగలవారి కొరకు కాదు. వారిలో అనేకులు ప్రభువునందు నిద్రించియున్నారు; వారికి మన అద్దముతోను మన రాతితోను పనిలేదు. అది దాని యెదుట నిలుచువాని కొరకు. వాని హృదయములో కృతజ్ఞతయు, నేనును ఇట్లు సేవచేయవలెనను ఆశయు పుట్టుట కొరకు. అట్లయినచో సంఘములో ఎవరైనను ఆ ఫలకమును చదువలేక, వినలేక, సమీపింపలేక యుండినయెడల, ఆ మేరకు ఆ ఫలకము తన పనిని చేయుటలేదు.

చదువలేనివారు ఎవరు?

మన ఆరాధనలో కూర్చుండువారిని ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొనుడు. కన్నులకు శుక్లము కమ్మిన తాతగారున్నారు. పుట్టుకతో చూపులేని చెల్లెలున్నది. చక్రాల కుర్చీలో వచ్చు యౌవనుడున్నాడు. చెవులు వినబడని సహోదరుడున్నాడు. వణకు చేతులతో అద్దముమీద వ్రేలు నిలుపలేని అమ్మగారున్నారు. అక్షరము రాని అవ్వ యున్నది. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశములో అంగవైకల్యముగలవారు 2 కోట్ల 68 లక్షలమంది. అదే లెక్కలలో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడేండ్లు నిండినవారిలో అక్షరాస్యులు నూటికి సుమారు 67 మంది మాత్రమే. తక్కిన ముప్పదిముగ్గురి యెదుట మనము ఎంత అందముగా వ్రాసినను అది గీతలే.

గ్రుడ్డివాని యెదుట అడ్డము వేయకూడదని లేవీయకాండము 19వ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. అడ్డమనగా దారిలో పడవేసిన బండ మాత్రమే కాదు. నున్నని అద్దపు తెరను తలంచుకొనుడు. చూపులేని వ్రేలికి దానిమీద గట్టులేదు, గుంటలేదు, గురుతులేదు. ఎక్కడ తాకినను ఒక్కటే. చూపుగలవానికి కిటికీగా నున్నది అతనికి గోడగా నున్నది. పాత రాతి పలకమీద చెక్కిన అక్షరములనైనను అతడు వ్రేళ్లతో తడిమి తెలిసికొనగలిగెను. క్రొత్త తెరను ఆలోచనలేక పెట్టినయెడల ఆ కొంచెమును పోవును.

కపెర్నహూములో పక్షవాయువుగలవానిని నలుగురు మోసికొనివచ్చిన కథ మనమందరమును ఎరిగినదే. ఆ ఇంట ప్రభువు ఉండెను, వాక్యము ఉండెను, స్వస్థత ఉండెను. లేనిది త్రోవ ఒక్కటే. వాకిట నిలిచియున్న జనులు దుర్మార్గులు కారు. వాక్యము విన వచ్చిన భక్తులే. అయినను వారి వీపులు ఆ రోగికి గోడ ఆయెను. ఆ నలుగురు కప్పు విప్పి త్రోవ చేసిరి. ప్రభువు వారి విశ్వాసము చూచెనని మార్కు వ్రాయుచున్నాడు. త్రోవ చేయుట విశ్వాసములో చేరిన పని యని దీనివలన నేర్చుకొనుచున్నాము. మనము ఇల్లు కట్టుచున్నప్పుడే వెడల్పైన వాకిలి పెట్టినయెడల, పిమ్మట ఎవరును కప్పు విప్పనక్కరలేదు.

త్రోవ ఎట్లు చేయవలెను?

మన దేశములో 2016లో అంగవైకల్యముగలవారి హక్కుల చట్టము చేయబడెను. అందులో 21 విధములైన వైకల్యములు గుర్తింపబడినవి. నలుగురును వచ్చు స్థలములు వారికిని అందుబాటులో నుండవలెనని దాని భావము. చట్టమునకు భయపడి కాక ప్రేమనుబట్టి ఈ క్రింది సంగతులు ఆలోచింపవలెనని కోరుచున్నాము.

మొదటిది ఎత్తు. నిలిచియున్నవాని కన్నులకు తగినట్లు తెరను పైకి బిగించుట వాడుక. అయితే కుర్చీలో కూర్చున్నవాని చెయ్యి అంతవరకు చేరదు. అమెరికా దేశపు 2010 నాటి ప్రమాణముల ప్రకారము, అడ్డములేని చోట తాకవలసిన భాగము నేలనుండి 15 అంగుళములకు తగ్గకయు 48 అంగుళములకు మించకయు నుండవలెను. చక్రాల కుర్చీ నిలుచుటకు 30 అంగుళముల వెడల్పు, 48 అంగుళముల పొడవు గల ఖాళీ స్థలము దాని ముందర నుండవలెను. ఆ ఎత్తు పిల్లలకును సరిపోవును. అడుగవలసినవారు పిల్లలే గదా. ఆలయమునకు మెట్లు మాత్రమే యున్నయెడల, తెర కొనకమునుపు ఏటవాలు బాట వేయింపుడు.

రెండవది అక్షరము. మన తెలుగు అక్షరములకు క్రింద వత్తులు, పైన గుడి, దీర్ఘము కలవు. చిన్నవిగా వ్రాసినయెడల ముసలి కన్నులకు అవి అలుకుకొని పోవును. అక్షరములు పెద్దవిగాను, వరుసల మధ్య ఎడము గలవిగాను ఉండవలెను. బంగారు రంగుమీద తెల్లని అక్షరములు పండుగకు అందము, చదువుటకు కష్టము. అక్షరపు వెలుగునకును వెనుకటి వెలుగునకును కనీసము నాలుగున్నర రెట్లు తేడా యుండవలెనని ఈ పని ఎరిగినవారి నియమము. కిటికీ ఎండ అద్దముమీద పడని గోడను ఎన్నుకొనుడు. ధర్మశాస్త్ర వాక్యములను రాళ్లమీద మిక్కిలి స్పష్టముగా వ్రాయవలెనని మోషే ఆజ్ఞాపించెను (ద్వితీయోపదేశకాండము 27:8). స్పష్టత అనునది దేవుడు కోరినదే.

మూడవది స్వరము. తెర తన వ్రాతను తెలుగులో చదివి వినిపించునట్లు చేయవచ్చును. అంతకంటె మేలైనది, సంఘములోని ఒకరి స్వరముతో ఆ సాక్ష్యములను చదివి రికార్డు చేసి పెట్టుట. అక్షరము రాని అవ్వకు, చూపులేని చెల్లెలికి, ముసలి కన్నుల తాతకు ఈ ఒక్క ఏర్పాటు మూడు ద్వారములు తెరచును. స్వరము మొదలుపెట్టుటకును ఆపుటకును అద్దము ప్రక్కన ఉబ్బెత్తు బటన్లు ఉండవలెను. వాటి ప్రక్కన బ్రెయిలీ చుక్కలు వేయింపవలెను. ఫ్రాన్సు దేశములో లూయీ బ్రెయిలీ పసితనమున తండ్రి తోలుపని కొట్టులో ఆరె గ్రుచ్చుకొని చూపు పోగొట్టుకొనెను. పదునైదేండ్ల ప్రాయమున, 1824లో, అతడు ఈ చుక్కల లిపిని కల్పించెను. మన దేశ భాషలన్నిటికి ఒకే బ్రెయిలీ పద్ధతి 1951లో ఏర్పడెను; తెలుగునకును అది కలదు. వినబడని సహోదరుని కొరకు వీడియోలలోని మాటలు క్రింద వ్రాతగా రావలెను.

నాల్గవది ఓర్పు. కొన్ని తెరలు కొద్ది క్షణములు తాకనియెడల మొదటికి తిరిగిపోవును. నెమ్మదిగా కూడబలుకుకొని చదువు అమ్మగారికి సగములో పేజీ మాయమగును. తెర ఆమె కొరకు కనిపెట్టునట్లు అమర్చవలెను. కరెంటు పోవు దినములును తెర చెడిపోవు దినములును వచ్చును గనుక, ఆ పేర్లనే పెద్ద అక్షరములతో ఒక పుస్తకములో వ్రాసి ఆలయములో ఉంచవలెను. ప్రతి సంవత్సరము సంఘ వార్షికోత్సవ దినమున ఆ పేర్లు బిగ్గరగా చదువబడవలెను. తెర లేని సంఘము సహితము ఈ చివరి రెండు పనులు నేడే చేయవచ్చును. ధనము చాలలేదని ఎవరును వెనుకతీయనక్కరలేదు.

వీటన్నిటికంటె ముఖ్యమైనది ఒకటి. పై చెప్పిన తాతగారిని, చెల్లెలిని, యౌవనుని, అవ్వను ప్రారంభోత్సవమునాడు ముందు వరుసలో కూర్చుండబెట్టుట చాలదు. ఏర్పాటు ఆలోచించునాడే కమిటీలో కూర్చుండబెట్టవలెను. వారు ప్రయత్నించి చూచి, అందినది అన్న పిమ్మటనే డబ్బు చెల్లింపుడు.

ఎవరి పేరు వ్రాయవలెను?

చదువువారిని మరచిపోవు మనస్సే, వ్రాయవలసినవారిని కూడ మరచిపోవును. బంగారు ఉంగరము పెట్టుకొనినవానికి మంచి చోటిచ్చి దరిద్రుని నిలుచుండుమని చెప్పుట యాకోబు పత్రిక 2వ అధ్యాయములో గద్దింపబడెను. లక్ష ఇచ్చినవారి పేరు పెద్ద అక్షరములతోను, వేయి ఇచ్చినవారి పేరు చిన్న అక్షరములతోను వ్రాయు పలక ఆ గద్దింపునకు లోబడియే యున్నది.

ఇది మన ఊరి లోపము మాత్రమే కాదు. 1917లో బ్రిటిషు సామ్రాజ్యము యుద్ధములో మరణించినవారి సమాధుల కొరకు ఒక కమిషనును స్థాపించెను. హోదా, జాతి, మతము అను భేదము లేక అందరిని సమానముగా జ్ఞాపకము చేసికొనుట దాని నియమము. అయినను ఆ కమిషనే 2021లో ప్రకటించిన నివేదికలో, మొదటి ప్రపంచయుద్ధములో మరణించిన ఆఫ్రికా, ఈజిప్టు మొదలగు దేశములవారిలో కనీసము 1,16,000 మంది పేర్లు ఎక్కడను వ్రాయబడలేదనియు, ఆ సంఖ్య 3,50,000 వరకు నుండవచ్చుననియు ఒప్పుకొనెను. మన భారతీయులు మొదలైన మరి వేలమంది అసమానముగా జ్ఞాపకము చేయబడిరని కూడ అందులో చెప్పబడెను. నియమము మంచిదే, పట్టిక వ్రాసినవారి కన్ను అందరిమీద పడలేదు.

మన చరిత్రనే చూడుడు. 1878 జూలై 3వ తేదీన ఒంగోలు ప్రాంతమున గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. డాక్టర్ క్లౌ దొరగారి పేరు మనమందరమును చెప్పుకొందుము, అది న్యాయమే. అయితే ఆనాడు నీటిలో దిగి ఇద్దరిద్దరుగా వంతులువారి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. వారి పేర్లు మన పిల్లలలో ఎందరు చెప్పగలరు?

కాబట్టి పట్టిక వ్రాయువారు ఇంటింటికి వెళ్లి అడుగవలెను. విశేషముగా స్త్రీలను అడుగవలెను. పల్లె పల్లెకు కాలినడకను తిరిగిన బైబిలు స్త్రీ, ఆలయము అలికి దీపము పెట్టిన విధవరాలు, గోడకు మట్టి త్రొక్కిన కూలివారు, ఊరిలో మొదట డిగ్రీ చదివిన బిడ్డ, ఆ బిడ్డ ఫీజు కొరకు మేక నమ్మిన తల్లి, వీరందరు పట్టికలో నుండవలసినవారే. పౌలు రోమీయులకు వ్రాసిన 16వ అధ్యాయములో ఫీబేకును, ప్రయాసపడిన పెర్సిసుకును చోటున్నది. చెప్పినది వ్రాసిపెట్టిన తెర్తియునకు సహితము చోటున్నది. తన పేరు వద్దని చెప్పు వినయముగలవారి మాటయు మన్నింపవలెను. రాతిమీద తప్పు పడినయెడల దిద్దుట కష్టము. తెరమీద దిద్దవచ్చును, చేర్చవచ్చును. ఆ సౌకర్యమును మరువబడినవారి కొరకు వాడుకొందము. పేరు దొరకనివారి సేవను పేరు లేకయే వ్రాయుడు. అత్తరు బుడ్డి పగులగొట్టిన స్త్రీ పేరు మార్కు వ్రాయలేదు. అయినను సువార్త ప్రకటింపబడు చోటనెల్ల ఆమె చేసినది చెప్పబడుచునే యున్నది.

అట్టివారు మా సంఘములో కొద్దిమందియే గదా, వారి కొరకు ఇంత వ్యయమెందుకని ఎవరైనను అడుగవచ్చును. కొద్దిమందియే వచ్చుచున్నారంటే, రాలేక ఇంటనే యుండిపోయినవారు ఎందరో లెక్కించితిమా? మెట్టు ఎక్కలేనివాడు మెట్టు ఎక్కి వచ్చి ఫిర్యాదు చేయడు. మరియు వృద్ధాప్యము ఎవరిని విడిచిపెట్టును? నేడు ఇతరుల కొరకు వేసిన బాట రేపు మన కాళ్లకే అవసరమగును. దీనిని లాభముగా చెప్పుటలేదు. సంఘము ఒకే శరీరమని చెప్పుచున్నాము. చెయ్యి అందుకొనినది కాలికి చెందకపోయినయెడల అది శరీరము కాదు.

ప్రధానయాజకుడైన అహరోను దేవుని సన్నిధికి వెళ్లునప్పుడు ఇశ్రాయేలు పండ్రెండు గోత్రముల పేర్లు చెక్కిన రత్నములను భుజములమీదను రొమ్ముమీదను ధరించెను (నిర్గమకాండము 28). పెద్ద గోత్రమునకును చిన్న గోత్రమునకును ఒక్కొక్క రత్నమే. ఆ పేర్లు గోడమీద వ్రేలాడలేదు, మోయబడినవి. మన ప్రధానయాజకుడైన క్రీస్తు మన పేర్లను అట్లే మోయుచున్నాడు. మన పేర్లు పరలోకమందు వ్రాయబడినందుకే సంతోషింపవలెనని ఆయన తన శిష్యులకు నేర్పెను (లూకా 10:20). ఆ గ్రంథములోని పేర్లు చదువుటకు చూపుగాని చదువుగాని ధనముగాని అడుగబడవు. మనము భూమిమీద నిలుపు చిన్న ఫలకములు ఆ గ్రంథమునకు తగిన నీడలై యుండునట్లు, సంఘములో అందరికంటె వెనుక నున్నవారినుండి మన ఏర్పాటు మొదలుపెట్టుదము. ప్రభువు మన సంఘములకు అట్టి మనస్సు దయచేయును గాక. ఆమేన్.